ఏ వయసు పిల్లలకి ఏ కారు సీటు? ఒడి, క్యారియర్, కన్వర్టిబుల్, బూస్టర్: ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మా పెద్దవాడికి ఏడో నెల నడుస్తుండగా సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాం. పంతంగి టోల్‌గేట్ దాటి కాస్త దూరం పోయాక ముందున్న లారీ ఒక్కసారిగా ఆగింది. మా ఆయన గట్టిగా బ్రేక్ వేశారు. గుద్దుకోలేదు. కానీ వెనక సీట్లో మా అమ్మ ఒళ్లో నిద్రపోతున్న వాడు ఆమె చేతుల్లోంచి జారి, ముందు సీటు వీపుకి తల కొట్టుకున్నాడు. నుదుటి మీద బొప్పి కట్టింది, అంతకంటే ఏమీ కాలేదు. అమ్మ మాత్రం సూర్యాపేట వచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత కూడా ‘గట్టిగానే పట్టుకున్నానే’ అని రెండుసార్లు అంది.

నిజమే, గట్టిగానే పట్టుకుంది. తప్పు ఆమెది కాదు. ఆ బరువు మనిషి చేతులు ఆపగలిగేది కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్ది, అర మీటరు నలిగేలోపు ఆగిందనుకోండి. లోపలున్న ప్రతి ఒక్కరి బరువూ ఆ క్షణంలో దాదాపు 20 రెట్లవుతుంది. ఎనిమిది కిలోల పాప 160 కిలోలవుతుంది. 160 కిలోల మూటని చేతుల్లో ఆపగలమా? పైగా ఒళ్లో పెట్టుకున్న పెద్దవాళ్లు సాధారణంగా బెల్ట్ పెట్టుకోరు. అప్పుడు వాళ్లు కూడా ముందుకి విసురుగా పోయి, తమకీ ముందు సీటుకీ మధ్య బిడ్డని నొక్కేస్తారు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్ట్ చుట్టినా జరిగేది అదే.

అందుకే ఈ పోలికలో ‘ఒడి’ని ఒక ఎంపికగా లెక్కవేయడం లేదు. మన ఇళ్లలో అసలు పోటీ మాత్రం ఒడికీ సీటుకీ మధ్యే ఉంటుందని నాకు తెలుసు. అందుకే ముందుగా ఆ మాట చెప్పాను. చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లల్ని సీట్ బెల్ట్‌తో గానీ పిల్లల సీటుతో గానీ కట్టి కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. పోలీసులు దీనికోసం బండి ఆపడం అరుదే. జరిమానా భయంతో కొనే వస్తువు కాదులెండి ఇది.

కొనేముందు చూడాల్సినవి

షాపులో గానీ ఆన్‌లైన్‌లో గానీ ముందు కంటికి కనబడేది గుడ్డ రంగు, మెత్తదనం, కప్ హోల్డర్. వాటిని పక్కన పెట్టి ఈ క్రమంలో చూడండి.

మొదటిది బిడ్డ బరువు, ఎత్తు. వయసు కాదు. ‘రెండేళ్లు నిండాయి, పెద్ద సీటు కొందాం’ అనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. పాత యూరప్ ప్రమాణం, అంటే ఆర్44, బరువుని బట్టి సీట్లని విడదీస్తుంది. కొత్తదైన ఆర్129 ఎత్తుని బట్టి విడదీస్తుంది. మన దేశంలో ఏఐఎస్-072 ప్రమాణం ఉంది. సీటు వెనకో కిందో అతికించిన స్టిక్కర్ మీద వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఏ స్టిక్కరూ లేని సీటు ఎంత చవకగా వచ్చినా వద్దు.

రెండోది మీ కారు. వెనక సీటు వీపూ అడుగూ కలిసేచోట, సందులో చెయ్యి పెట్టి తడిమి చూడండి. 28 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఇనుప కొక్కేలు తగిలితే ఐసోఫిక్స్, అంటే పిల్లల సీటుని బెల్ట్ లేకుండా నేరుగా కారుకి తగిలించే ఏర్పాటు, ఉన్నట్టే. ఈ మధ్య వచ్చిన కార్లలో చాలావాటికి రెండు కిటికీల వైపులా ఇవి ఉంటున్నాయి. పాత కార్లలో ఉండకపోవచ్చు, అప్పుడు బెల్ట్‌తో బిగించే సీటే కొనాలి. మధ్య సీటుకి నడుం బెల్ట్ మాత్రమే ఉంటే అక్కడ పిల్లల సీట్లలో చాలావాటిని బిగించలేం.

మూడోది, రోజువారీ ప్రయాణాల్లో వెనక ఎంతమంది కూర్చుంటారన్నది. సీటు ఒక్కటీ దాదాపు 44 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ఒక సీటు పెడితే పక్కన ఇద్దరు పెద్దవాళ్లు సర్దుకోవచ్చు. రెండు సీట్లు పెడితే మధ్యలో నాయనమ్మ కూర్చోవడం కష్టం. ఇది కొన్న తర్వాత తెలిస్తే సీటు అటక మీదకి పోతుంది. అలా అటకెక్కిన సీట్లు మా అపార్ట్‌మెంట్‌లోనే రెండు చూశాను.

నాలుగోది, దాన్ని ఎన్నిసార్లు తీసి పెట్టాలన్నది. కారు ఒక్కటే అయితే ఒకసారి బిగించి వదిలేయొచ్చు. పొద్దున ఆయన కారులో స్కూలుకి, సాయంత్రం తాతయ్య కారులో ఇంటికి అయితే బరువైన సీటు ప్రతిపూటా మోయలేరు.

ధరని చివర్లో పెట్టాను. అది ముఖ్యం కాదని కాదు. ఈ నాలుగూ సరిపోయిన సీటు మామూలు ధరలో దొరికితే ఇంకా ఖరీదైనది కొన్నందువల్ల భద్రత అంతే మోతాదులో పెరగదు.

ఏ సీటు ఎవరికి, ఒక చూపులో

| రకం | ఎవరికి | ముఖం ఎటు | ఎన్నాళ్లు వస్తుంది | అసలు ఇబ్బంది |
|---|---|---|---|---|
| ఇన్‌ఫెంట్ క్యారియర్ | పుట్టినప్పటి నుంచి 13 కిలోల వరకు | వెనక్కి మాత్రమే | ఏడాది, ఏడాదిన్నర | తొందరగా చిన్నదైపోతుంది |
| కన్వర్టిబుల్ | పుట్టినప్పటి నుంచి 18 కిలోల వరకు, కొన్ని ఇంకా ఎక్కువ | ముందు వెనక్కి, తర్వాత ముందుకి | సుమారు నాలుగేళ్లు | బరువు, చోటు ఎక్కువ పడుతుంది |
| వీపు ఉన్న బూస్టర్ | 15 నుంచి 36 కిలోలు, కొత్త ప్రమాణంలో 100 సెం.మీ. దాటాక | ముందుకి | నాలుగేళ్ల నుంచి పది పన్నెండేళ్ల దాకా | మూడు కొసల (నడుముకీ భుజానికీ వచ్చే) బెల్ట్ తప్పనిసరి |
| వీపు లేని బూస్టర్ | కొత్త ప్రమాణంలో 125 సెం.మీ. దాటాక | ముందుకి | ఎత్తు వచ్చేదాకా | పక్కనుంచి రక్షణ ఉండదు |

ఇన్‌ఫెంట్ క్యారియర్

తొట్టిలా ఉండి పైన పట్టుకునే పిడి ఉన్నది ఇదే. ఆసుపత్రి నుంచి బిడ్డని ఇంటికి తెచ్చే రోజు నుంచి వాడొచ్చు. నిద్రపోతున్న పాపని లేపకుండా తొట్టితో సహా ఇంట్లోకి తీసుకెళ్లొచ్చు. నడుము సరిగ్గా నిలవని పసిపిల్లలకి దీని ఆకారం బాగా నప్పుతుంది. మన మార్కెట్లో నాలుగైదు వేల నుంచి దొరుకుతాయి.

కానీ మన పిల్లలు ఇందులో ఉండేది మహా అయితే ఏడాదిన్నర. బరువు 13 కిలోలకి చేరకముందే తల సీటు అంచు దాటుతుంది, అప్పుడిక వాడకూడదు. కొనే రోజు ఇంకో విషయం చూడండి. మన దగ్గర ఇదే ఆకారంలో ‘క్యారీ కాట్’ పేరుతో కారులో బిగించడానికి పనికిరాని తొట్లు కూడా అమ్ముతున్నారు. బెల్ట్ దూర్చే గాడులు, ప్రమాణం స్టిక్కర్ రెండూ లేకపోతే అది ఇంట్లో ఊపడానికే.

మొదటి ఏడాదిలో పుట్టింటికీ అత్తింటికీ, టీకాలకీ తరచుగా తిరగాల్సిన వాళ్లకి, కార్లు మార్చాల్సిన వాళ్లకి ఇది మంచిది. తర్వాత ఎవరి దగ్గరికి పోతుందో ముందే తెలిసినవాళ్లకి కూడా. మా చెల్లెలికి తన ఆడపడుచు ఇచ్చింది, తను మా పిన్ని కూతురికి ఇచ్చింది. ముగ్గురు పిల్లలు పెరిగారు అందులో.

ఒక జాగ్రత్త. ఈ సీట్లో బిడ్డ సగం కూర్చున్నట్టు, సగం పడుకున్నట్టు ఉంటుంది. పసిపిల్లల తల ముందుకి వాలితే ఊపిరి ఆడటం కష్టమవుతుంది. అందుకే ఒకేసారి రెండు గంటలకి మించి అందులో ఉంచకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు, మొదటి నెలల్లో అంతకంటే తక్కువ. హైదరాబాద్, విజయవాడ మధ్య 270 కిలోమీటర్లలో కనీసం రెండుసార్లు ఆగి బిడ్డని బయటికి తీసి పడుకోబెట్టండి. ఇంటికి చేరాక కూడా నిద్ర చెడుతుందని తొట్టిలోనే వదిలేయకండి, పక్క మీదకి మార్చండి.

కన్వర్టిబుల్ సీటు

ఒక్క సీటే కొనగలిగితే ఇది కొనమంటాను. మొదట ముఖం వెనక్కి, పెరిగాక ముందుకి తిప్పి వాడొచ్చు. మామూలువి ఏడెనిమిది వేల నుంచి ఉన్నాయి, ఐసోఫిక్స్‌తో గుండ్రంగా తిరిగేవి 15 వేలు దాటుతాయి.

దీని విలువంతా ఒక్క విషయంలో ఉంది: బిడ్డ ఎంత ఎక్కువకాలం వెనక్కి తిరిగి కూర్చోగలదన్నది. ఇది మన వాళ్లకి వింతగా అనిపిస్తుంది. ‘పాపం, గోడవైపు కూర్చోబెట్టారేంటి, బయట ఏమీ కనపడదు కదా’ అంటారు. కారణం బిడ్డ ఒంట్లోనే ఉంది. పుట్టినప్పుడు తల మొత్తం శరీరం పొడవులో నాలుగో వంతు ఉంటుంది, పెద్దవాళ్లలో ఎనిమిదో వంతే. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ముందుకి కూర్చున్న బిడ్డని ప్రమాదంలో పట్టీలు భుజాల దగ్గర ఆపుతాయి, తల మాత్రం ఆగదు. ఆ బరువంతా మెడే మోయాలి. వెనక్కి కూర్చుంటే తల, మెడ, వీపు మొత్తాన్నీ సీటు ఒక్కటిగా కాస్తుంది. ఆర్129 ప్రకారం కనీసం 15 నెలల దాకా వెనక్కే. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018 నుంచి వయసు గీత తీసేసి, ఆ సీటు అనుమతించే బరువూ ఎత్తూ దాటేదాకా వెనక్కే ఉంచమంటోంది. స్వీడన్‌లో నాలుగేళ్ల దాకా ఉంచడం మామూలు.

కాళ్లు మడిచి కూర్చోవాల్సి వస్తుందని బెంగ పెట్టుకోకండి. రెండేళ్ల పిల్లలు బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి ఏమీ ఇబ్బంది పడరు. అందుకని కన్వర్టిబుల్ కొనేటప్పుడు ‘వెనక్కి ఎన్ని కిలోల దాకా’ అని అడగండి. కొన్నిట్లో 13, కొన్నిట్లో 18 ఉంటుంది. ధరలో వెయ్యి రెండు వేలు తేడా ఉన్నా 18 ఉన్నదే తీసుకోండి.

ఇబ్బంది చోటుతోనే. వెనక్కి తిప్పిన సీటు ముందు సీటుని నెట్టేస్తుంది. డ్రైవర్ వెనక పెడితే పొడుగాటి మనిషి స్టీరింగ్‌కి అతుక్కుని నడపాలి. ఎడమవైపు, ముందు కూర్చునేవాళ్ల వెనక పెట్టండి. మన దేశంలో ఎడమవైపే రోడ్డు అంచు ఉంటుంది కాబట్టి బిడ్డని దించేటప్పుడు వెనక వచ్చే బైకుల టెన్షన్ కూడా ఉండదు.

పుట్టినప్పటి నుంచి 36 కిలోల దాకా ‘ఒక్కటే చాలు’ అని అమ్మే సీట్లున్నాయి. పెద్దవాడికి అలాంటిదే కొన్నాం. నెలల పాపకి మరీ వదులుగా, ఆరేళ్ల వాడికి మరీ ఇరుకుగా ఉంది. నాలుగేళ్ల దాకా ఒక మంచి కన్వర్టిబుల్, ఆ తర్వాత ఒక మామూలు బూస్టర్ కొనడమే మేలని అప్పుడు అర్థమైంది. రెండూ కలిపి దాదాపు అంతే ఖర్చవుతుంది.

బూస్టర్, ఆ తర్వాత బెల్ట్

బూస్టర్ చేసే పని ఒక్కటే. బిడ్డని ఎత్తి, పెద్దవాళ్ల బెల్ట్‌ని సరైన చోటికి తెస్తుంది. చిన్నపిల్లలకి మామూలు బెల్ట్ వేస్తే కింది పట్టీ పొట్ట మీదా, పై పట్టీ మెడ మీదా పడుతుంది. ప్రమాదంలో ఆ కింది పట్టీయే పొట్టలోకి దిగుతుంది. పై పట్టీ మెడకి గుచ్చుకుంటోందని పిల్లలు దాన్ని చంక కిందికి నెట్టుకుంటారు, అది ఇంకా ప్రమాదం.

వీపు ఉన్నదాన్నే ఎంచుకోండి. నిద్రలో తల పక్కకి వాలినప్పుడు పట్టుకుంటుంది, పక్కనుంచి గుద్దినప్పుడు కాస్తుంది. వీపు లేనిది క్యాబ్‌లకీ, అప్పుడప్పుడూ వేరే కారు ఎక్కాల్సినప్పుడూ పనికొస్తుంది. ఏ బూస్టరైనా నడుం బెల్ట్ మాత్రమే ఉన్న సీటులో పెట్టకూడదు. ఏడు సీట్ల బండ్లలో మూడో వరస కొనేముందే చూడండి.

బూస్టర్ ఎప్పుడు మానాలన్నది ‘మూడో క్లాసుకి వచ్చాడు’ అన్న లెక్కతో తేలదు. 145 సెంటీమీటర్ల దగ్గర పరీక్షించండి. వీపు సీటుకి పూర్తిగా ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, పాదాలు నేలకి తగలాలి, కింది పట్టీ తొడల మీద, పై పట్టీ భుజం మధ్యలో పడాలి. ప్రయాణం చివరిదాకా జారకుండా అలాగే కూర్చోగలగాలి. ఇందులో ఒక్కటి కుదరకపోయినా బూస్టర్ ఇంకా కావాలి.

మీ ఇంటి పరిస్థితిని బట్టి

కారు ఒక్కటే, బిడ్డ ఒక్కరే అయితే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పుట్టకముందే కన్వర్టిబుల్ తెచ్చి, తీరిగ్గా బిగించి చూసుకోండి. నెలల పిల్లల కోసం లోపల వేసే చిన్న దిండు సీటుతో పాటే వచ్చిందో లేదో చూడండి, బయట విడిగా కొన్నది వేయకూడదు.

అమ్మమ్మ, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో చిన్న కారయితే పెద్దపిల్లకి సన్నటి బూస్టర్, చిన్నదానికి కన్వర్టిబుల్ పెట్టి, పెద్దావిడని ముందు సీట్లో కూర్చోబెట్టండి. మా ఇంట్లో అమ్మ ముందుకి మారింది, నేను వెనక్కి వచ్చాను. మొదట్లో తనకి నచ్చలేదు. మోకాళ్లకి ముందు సీటే హాయిగా ఉందని తర్వాత తనే చెప్పింది. వెనక కూర్చున్న పెద్దవాళ్లు కూడా బెల్ట్ పెట్టుకోవాలి. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయిన ప్రమాదంలో వెనక కూర్చున్న ఇద్దరూ బెల్ట్ పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. బెల్ట్ లేని పెద్దమనిషి ఎగిరి పడేది పక్కన పట్టీల్లో ఉన్న బిడ్డ మీదే కావచ్చు.

కారు లేనివాళ్లు, క్యాబ్‌లలో తిరిగేవాళ్లు: ఇక్కడ మంచి జవాబు లేదు. బిడ్డ చిన్నదయితే బెల్ట్‌తో బిగించే తేలికపాటి క్యారియర్, నాలుగేళ్లు దాటితే బూస్టర్ చేత్తో పట్టుకెళ్లగలరు. ఎక్కడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుందని డ్రైవర్‌కి ముందే ఫోన్‌లో చెప్పండి. చాలామంది ఏమీ అనరు, వాళ్లకీ పిల్లలుంటారు.

అమెరికాలో ఉన్న అన్నయ్యో వదినో వాడేసిన సీటు పంపుతామంటే? అక్కడ పిల్లల సీటు లేకుండా బిడ్డని కారు ఎక్కించనివ్వరు కాబట్టి ప్రతి ఇంట్లో ఒకటుంటుంది. తీసుకోవచ్చు, కానీ రెండు చూడండి. ప్లాస్టిక్ మీద అచ్చేసిన గడువు తేదీ దాటకూడదు, ప్రమాదానికి గురైన కారులోది కాకూడదు. తర్వాత, అక్కడి కార్ల బెల్ట్ పూర్తిగా లాగితే బిగుసుకుని లాక్ అవుతుంది. మన కార్లలో చాలావాటికి అలా కాదు, అదాటుగా లాగితేనే ఆగుతుంది. సీటులోనే బెల్ట్‌ని నొక్కిపట్టే క్లిప్పు లేకపోతే అది మన కారులో కదులుతూనే ఉంటుంది. మీ కారుకి ఐసోఫిక్స్ కొక్కేలుంటే ఆ సీటు కింది పట్టీల హుక్కులు వాటికి తగిలించి చూడండి.

తెచ్చిన సీటు సరిగ్గా బిగించారా

నేను ఎక్కువ తప్పులు చూసింది ఇక్కడే. మంచి సీటు కొని వదులుగా బిగిస్తే చవక సీటు గట్టిగా బిగించినంత మేలు కూడా చేయదు.

బెల్ట్ దూరే చోట రెండు చేతులా పట్టుకుని ఊపండి. రెండున్నర సెంటీమీటర్లకి మించి కదలకూడదు. బిగించేటప్పుడు మోకాలితో సీటుని కిందికి నొక్కి బెల్ట్ లాగండి. ఐసోఫిక్స్ ఉన్నవాటికి రెండు పక్కలా ఆకుపచ్చ గుర్తు రావాలి. పిల్లల సీటు పైనుంచి వచ్చే పట్టీ (టాప్ టెథర్) ఉంటే దాన్ని కారు సీటు వెనక కొక్కేనికి తగిలించండి, సీటు కింద నిలిచే కాలు (సపోర్ట్ లెగ్) ఉంటే కారు నేలకి గట్టిగా ఆనించండి. కాలు కింద సామాన్ల అర ఉండే కార్లలో దాని మూత మీద ఆనించకూడదు. ఐసోఫిక్స్ సీట్లలో చాలావాటికి బిడ్డ బరువు 18 కిలోల దాకానే పరిమితి.

భుజాల పట్టీలు వెనక్కి కూర్చున్నప్పుడు భుజం దగ్గర గానీ కాస్త కింద నుంచి గానీ, ముందుకి కూర్చున్నప్పుడు భుజం దగ్గర గానీ కాస్త పైనుంచి గానీ రావాలి. భుజం మీది పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత చేతికి దొరక్కూడదు. చలికాలం మందపాటి స్వెట్టర్ తీసి పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పండి.

ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనిది ఒకటుంది: ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో వెనక్కి తిప్పిన సీటు పెట్టడం. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే సరిగ్గా బిడ్డ తల వెనకున్న సీటునే కొడుతుంది. కారు సన్‌వైజర్ మీద అందుకే బొమ్మ వేసి ఉంటుంది.

మన ఎండలు వేరు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో నిలిపిన కారులో బకిల్ ఇనుము చర్మం కాల్చేంత వేడెక్కుతుంది. ముందు దాన్ని చేత్తో ముట్టి చూసి, తడిగుడ్డ వేసి, అప్పుడు బిడ్డని ఎక్కించండి. ఆగిన కారులో పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరగొచ్చు. నిద్రపోతోంది కదా అని ‘ఐదు నిమిషాల్లో వస్తా’ అని బిడ్డని లోపల వదలకండి, అద్దం కాస్త దించినా సరే.

ఇక ఏడుపు. చాలామంది సీటు మానేసేది ఏడుపు వల్లే. మా చిన్నది మొదటి రెండుసార్లు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. మేం కారు కదలకముందే, ఇంటి దగ్గర పార్కింగ్‌లో వారం రోజులు పదేసి నిమిషాలు దాన్ని సీట్లో కూర్చోబెట్టి ఆడించాం. దారిలో ఏడిస్తే బండి పక్కకి ఆపి, తీసి, సముదాయించి, మళ్లీ కట్టాకే కదిలేవాళ్లం. కదులుతున్న కారులో ఒక్కసారి కూడా తీయలేదు. మూడో ప్రయాణంలో నార్కట్‌పల్లి దాటకముందే నిద్రపోయింది.